బిళ్ళ రాబోయే చోటు

ఒక పాత ఫోటో ఉంది. 1890 ప్రాంతంలో కెనడా రాజధాని ఆటావాలో, గవర్నర్ జనరల్ గారి బంగళా ఆవరణలో తీసింది. గడ్డకట్టిన మంచు మీద కొందరు ఆడవాళ్ళు. పాదాలు కనబడని పొడుగు గౌన్లు, చేతుల్లో వంకీ కర్రలు. అందులో తెల్లదుస్తుల్లో ఉన్న పిల్ల ఇసబెల్ స్టాన్లీ అంటారు. అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ గారి అమ్మాయి. ఆ ఫోటో నాటికి పధ్నాలుగో పదిహేనో ఏళ్ళుంటాయి. మన దేశంలో అయితే ఆ కాలంలో ఆ వయసు పిల్ల అత్తవారింట్లో పొయ్యి ఊదుతూ ఉండేది. ఈ పిల్ల కర్ర పుచ్చుకుని మంచు మీద జారుతోంది!

ఆమె ఆడుతున్నది ఐస్ హాకీ. మనకి తెలిసిన హాకీకి ఇది చుట్టమే గానీ దగ్గర చుట్టం కాదు. కాళ్ళకి ఇనప అంచున్న స్కేట్లు, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ళ. మూడంగుళాల అడ్డం, అంగుళం మందం. వాళ్ళు దాన్ని 'పక్' అంటారు. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడినదాన్ని కాబట్టి నేను బిళ్ళ అనే అంటాను. జట్టుకి ఐదుగురు, గోలు కాయడానికి ఇంకొకరు. ఆట ఎంత వేగంగా సాగుతుందంటే మొదటిసారి చూసేవాళ్ళకి ఆ బిళ్ళ కనబడనే కనబడదు. జనం ఎటు పరుగెత్తుతున్నారో చూసి, అటు ఉందన్నమాట అనుకోవాలి.

లార్డ్ స్టాన్లీ 1889లో మాంట్రియల్‌లో ఈ ఆట మొదటిసారి చూసి ముచ్చటపడ్డాడు. కొడుకులు దీని పిచ్చిలో పడ్డారు. పిల్లల పోరు పడలేకనో ఏమో, 1892లో ఆయన ఒక వెండి గిన్నె బహుమతిగా ఇచ్చాడు. అదే నేటి స్టాన్లీ కప్పు. మరుసటి ఏడాది ఇంగ్లండు వెళ్ళిపోయాడు. తన పేరు పెట్టిన కప్పు కోసం ఆడిన ఆట ఒక్కటీ ఆయన చూడలేదు. కప్పు పేరు మాత్రం ప్రపంచమంతా మోగిపోయింది. అమ్మాయి పేరు మీద ఒక కప్పు రావడానికి 2016 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికాలో ఆడవాళ్ళ లీగు ఒకటి గెలిచిన జట్టుకి 'ఇసబెల్ కప్పు' ఇచ్చింది.

ఆ పొడుగు గౌన్ల గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆనాటి గోల్ కీపర్లు గౌను అంచుల్లో సీసపు గుండ్లు వేసి కుట్టుకునేవారట. గౌను బరువుగా వేలాడి, బిళ్ళ కింద నుంచి దూరిపోకుండా ఆగేది. ముందు ఆడేవాళ్ళేమో బిళ్ళని గౌను కింద దాచేసుకుని తాపీగా గోలు దాకా తీసుకెళ్ళేవారట. నిజమెంతో గానీ నమ్మబుద్ధేస్తుంది. కట్టుకున్న బట్టే ఆటంకమైతే, ఆ ఆటంకాన్నే ఆయుధం చేసుకోవడం ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

విజయవాడలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఈ గొడవంతా ఎందుకంటారా? మా కోడలి వల్ల. మా అబ్బాయి కాపురం టొరాంటో నగరం అంచున. మనవడు హాకీ ఆడతాడు. వాడి సామాను సంచీ మోసి, వాడికి స్కేట్ల తాళ్ళు బిగించి, రింకు బయట చలిలో రెండేళ్ళు కూచున్నాక మా కోడలు, "మోసేదాన్ని, ఆడితే ఏం?" అంది. ముప్ఫై ఎనిమిదో ఏట ఆడవాళ్ళ సరదా జట్టులో చేరింది. అది వాళ్ళకి ఇచ్చిన వేళ రాత్రి పదీ ముప్పావు. పిల్లల పాఠాలు, మగవాళ్ళ లీగులు అన్నీ అయ్యాక మిగిలిన మంచు వాళ్ళది. అయినా మానలేదు. ఒక శీతాకాలం గడిచేసరికి జారడం వచ్చింది, ఆగడం వచ్చింది, బిళ్ళని కర్రతో నెట్టుకుంటూ పోవడమూ వచ్చింది. కానీ ఒక రాత్రి ఇంటికొచ్చి సంచీ గుమ్మంలోనే పడేసి, "అత్తయ్యా, ఈ సీజనుతో మానేస్తాను. ఎంత పరుగెత్తినా నేను వెళ్ళేసరికి బిళ్ళ అక్కణ్ణుంచి వెళ్ళిపోతోంది. ఆ చూపు పుట్టుకతో రావాలిట. మా జట్టులో అందరూ అదే అంటున్నారు" అంది.

పుట్టుకతో రావాలి అన్న మాట వింటే నాకు అనుమానం. చరిత్రలో ఆ మాటని ఎవరు, ఎవరికి చెప్పారో మనకి తెలుసు కదా. ఆ మర్నాడే దగ్గర్లో ఉన్న లైబ్రరీకి వెళ్ళాను.

నాకు తెలిసిందేమిటంటే, ఈ 'చూపు' అన్నది మొదట్లో ఆటలోనే లేదు. గోడల మధ్య, ప్రేక్షకుల ముందు ఐస్ హాకీ మొదటిసారి ఆడింది 1875 మార్చి 3న, మాంట్రియల్ విక్టోరియా రింకులో. అన్నట్టు ఇసబెల్ పుట్టిందీ ఆ ఏడే. అప్పుడు జట్టుకి తొమ్మిదిమంది. బంతి ఎగిరి జనం మీద పడుతుందని చప్పటి చెక్కబిళ్ళ వాడారు. ఆ తరవాత రాసుకున్న నియమాల్లో ముఖ్యమైనదొకటి: తనకంటే ముందున్న తోటి ఆటగాడికి బిళ్ళ అందించకూడదు. అందువల్ల బిళ్ళ ఎవరి దగ్గరుంటే వాడే మొనగాడు. కర్రతో అటూ ఇటూ ఆడిస్తూ, ముగ్గురిని తప్పించుకుని తానే పోవాలి. తక్కిన వాళ్ళు పెళ్ళికొడుకు వెనకాల తోడు పెళ్ళికొడుకుల్లా పక్కనే నడవాలి. ముందుకి వెళ్ళి ఖాళీ చోటు చూసుకోవడంలో అర్థమే లేదు.

ఈ నియమం మెల్లగా సడలింది. అమెరికా, కెనడా వృత్తి జట్ల లీగులో 1918లో మైదానం మధ్యభాగంలో ముందుకి అందించడానికి ఒప్పుకున్నారు. కానీ గోళ్ళు పడటం గగనమైపోయింది. 1928-29 సీజనులో మాంట్రియల్ గోల్ కీపరు జార్జ్ హెయిన్స్‌వర్త్ 44 ఆటల్లో 22 ఆటలు ఒక్క గోలూ ఇవ్వకుండా ముగించాడు. చూసేవాళ్ళకి నిద్రొచ్చి ఉంటుంది. మరుసటి సీజనులో తలుపులు బార్లా తెరిచారు. ఎక్కడైనా ముందుకి అందించవచ్చు! ఇంకేముంది, గోళ్ళ వాన కురిసింది. ఆటగాళ్ళు పోయి ప్రత్యర్థి గోలు ముందు కాపురం పెట్టేశారు. భరించలేక డిసెంబరు కల్లా ఇంకో నియమం తెచ్చారు. గోలు దగ్గరి భాగంలోకి బిళ్ళకంటే ముందు మనిషి దూరకూడదు.

ఇప్పుడు ఆడే ఆటకి ప్రాణం ఆ రెండు నియమాల మధ్యే ఉంది. బిళ్ళ లేనివాడికి పని దొరికింది. ఎటు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఆలోచించాల్సొచ్చింది. కాగితం మీద లెక్క వేసి చూశాను. గంటసేపు ఆటలో జట్టుకి పదిహేనుమంది వంతులవారీగా దిగితే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. దిగినప్పుడు మంచు మీద పదిమంది. బిళ్ళ అందరికీ సమానంగా దక్కినా తలకి రెండు నిమిషాలు మించదు. తక్కిన పద్ధెనిమిది నిమిషాలూ ఏం చేశామన్నదే ఆట. మా కోడలు సాధన చేసినదంతా ఆ రెండు నిమిషాల కోసం.

ఒక రోట్లో ఇద్దరు దంచడం మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. నా రోకలి నేను చూసుకుంటే ఇద్దరి రోకళ్ళూ ఢీకొంటాయి. అవతలి మనిషి భుజం ఎప్పుడు లేస్తోందో చూడాలి, ఆ లయలో మన చెయ్యి దానంతటదే దిగాలి. అది పుట్టుకతో వచ్చిందని మా అమ్మమ్మకి ఎవరైనా చెబితే నవ్వి ఉండేది.

నేర్చుకోవచ్చని గట్టిగా నమ్మినవాడు టొరాంటోలో ఒకాయన ఉండేవాడు. పేరు లాయిడ్ పెర్సివల్. ఆటల శిక్షకుడు. 1951లో 'ది హాకీ హ్యాండ్‌బుక్' అనే పుస్తకం రాశాడు. స్కేటింగూ, బిళ్ళ కొట్టడమూ, అందించడమూ అన్నీ ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కనీ ఎలా సాధన చెయ్యాలో, ఏం తినాలో కూడా చెప్పాడు. స్వదేశంలోని పెద్ద పెద్ద కోచ్‌లు ఎగతాళి చేశారు. పుస్తకం చదివి హాకీ నేర్చుకుంటారా అని! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకే కాదు, వాళ్ళకీ వర్తించింది. ఆ పుస్తకం సముద్రాలు దాటి మాస్కోలో అనతోలీ తారాసోవ్ అనే కోచ్ చేతిలో పడింది. ఆయన దాన్ని బడిపిల్లాడిలా చదివాడు.

రష్యాలో ఐస్ హాకీ లీగు మొదలైంది 1946 డిసెంబరులో. అప్పటికి వాళ్ళకి యంత్రాలతో గడ్డకట్టించే రింకులు లేవు. చలికాలం పోతే మంచూ పోయేది. అందుకని తారాసోవ్ తన వాళ్ళని మట్టినేల మీద తయారుచేశాడు. బంతాటలు ఆడించాడు, బరువులు ఎత్తించాడు. బిళ్ళ ఉన్నవాడి గొప్పతనం చుట్టూ ఉన్న నలుగురు కల్పించే వీలు మీద ఉంటుందని పాఠం చెప్పాడు. 1954లో స్టాక్‌హోమ్ ప్రపంచ పోటీలకి రష్యా మొదటిసారి వచ్చింది. కెనడా తరఫున వెళ్ళింది ఈస్ట్ యార్క్ లిండ్‌హర్స్ట్స్ అనే ఔత్సాహికుల జట్టు. కార్లమ్మే కొట్టు పేరు పెట్టుకున్న టొరాంటో కుర్రాళ్ళు. రష్యా 7-2 తేడాతో గెలిచింది. కెనడాలో అది జాతీయ అవమానం. పెర్సివల్ మాత్రం ఆశ్చర్యపోయి ఉండడని నా ఊహ.

ఇక ఈ చూపు అనగానే అందరూ తలుచుకునే పేరు వెయిన్ గ్రెట్స్‌కీ. 1961లో ఆంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో పుట్టాడు. అర్భకంగా ఉండేవాడు, అందరికంటే వేగమూ కాదు, అందరికంటే బలమూ కాదు. అయినా వృత్తి లీగులో 2857 పాయింట్లు పోగుచేశాడు. అతనికి తలవెనక కళ్ళున్నాయనేవారు. నాకైతే అతని కథలో నచ్చినవి రెండు విషయాలు. రెండేళ్ళ వయసులో అతనికి మొదటి గోల్ కీపరు వాళ్ళ నాయనమ్మ మేరీ. ఆవిడ కుర్చీలో కూచుని ఉంటే ఈయన గారు చిన్న కర్రతో బంతి కొట్టేవాడు. మోకాళ్ళు నొప్పులని ఆవిడ లేచి పోలేదు చూడండి! రెండోది తండ్రి వాల్టర్ చేసిన పని. ఆయన టెలిఫోన్ కంపెనీలో పనివాడు. శీతాకాలంలో ఇంటి పెరట్లో నీళ్ళు పారించి రింకు చేసేవాడు. టీవీలో ఆట వస్తుంటే కొడుకు చేతికి కాగితం, పెన్సిలూ ఇచ్చి, కాగితం మీద రింకు బొమ్మ గీయించి, బిళ్ళ ఎటు పోతే అటు గీత గీయమనేవాడు. చూపు మాత్రం టీవీ మీదే ఉండాలి. ఆట అయ్యాక చూస్తే గీతలు కొన్నిచోట్ల చిక్కుముడిలా అల్లుకుని, కొన్నిచోట్ల కాగితం తెల్లగా ఉండేది. బిళ్ళ ఎక్కువగా ఎక్కడెక్కడికి వస్తుందో పిల్లవాడికి అలా ఒంటబట్టింది. తలవెనక కళ్ళు అక్కడ మొలిచాయి.

ఇంత చదివాక మా కోడలితో అన్నాను, "నాకో పెన్సిలు కొనిపెట్టమ్మా" అని.

ఆ తరవాత నాలుగు శుక్రవారాలు రాత్రి పదీ ముప్పావుకి రింకు మెట్ల మీద, రెండు శాలువాలు కప్పుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని గీతలు గీశాను. మావాడు నన్ను చూసి నవ్వాడు. నవ్వనీ. చిన్నపిల్ల గీసిన ముగ్గులా ఉన్న ఆ కాగితాలు నాలుగూ బల్ల మీద పరిచి చూస్తే మా కోడలికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. బిళ్ళ నూటికి ఎనభై పాళ్ళు చుట్టూ ఉన్న చెక్కగోడ వారనే తిరుగుతోంది. గోడకి కొట్టుకుని మూలకి వస్తుంది, మూల నుంచి గోలు ముందుకి వస్తుంది. వీళ్ళు ఐదుగురూ బెల్లం ముక్క చుట్టూ చీమల్లా మూలలోనే గుమిగూడుతున్నారు. గోలు ముందు ఎవరూ లేరు. "అత్తయ్యా, మేము బిళ్ళ ఉన్నచోటికి పోతున్నాం" అంది నిదానంగా.

అక్కణ్ణుంచి తన సాధన మారింది. గరాజులో నున్నటి ప్లాస్టిక్ పలక ఒకటి వేసుకుని, గోల్ఫ్ బంతిని కర్రతో అటూ ఇటూ ఆడించేది. మా మనవడు ఎదురుగా నిలబడి వేళ్ళు చూపిస్తే, కిందికి చూడకుండా ఎన్నో చెప్పాలి. కింద చూస్తే బంతి ఉంటుంది, మనుషులు కనబడరు. అందుకే తల ఎత్తి ఆడటం ఈ ఆటలో మొదటి పాఠం. రెండోది, బిళ్ళ తనకి చేరేలోపే భుజం మీంచి ఓసారి వెనక్కి చూడటం. ఎవరు వస్తున్నారో ముందే తెలిస్తే ఏం చెయ్యాలో ముందే తెలుస్తుంది. మూడోది మరీ చిన్నది: కర్ర కొసని ఎప్పుడూ మంచుకి ఆనించి ఉంచడం. భుజాన గడ్డపారలా పెట్టుకు తిరిగేవాళ్ళకి ఎవరూ బిళ్ళ అందించరు. బిళ్ళ ఉన్న మనిషికి మరో ఇద్దరు చెరో పక్కా త్రికోణంగా నిలబడితే ఆమెకి ఎప్పుడూ రెండు దారులుంటాయి. ఇంకా, ముక్కాలు నిమిషం గట్టిగా ఆడి, ఒగర్పు రాకముందే బయటికొచ్చి మరొకరిని పంపాలి. అలిసిపోయిన కాళ్ళు ఆగితే ముందు ఆగిపోయేది బుర్ర. మా కోడలు రెట్టింపు వేగం కాలేదు. కానీ ఆరో వారంలో ఒకసారి మూలకి పోకుండా గోలు ముందు ఒంటరిగా ఆగింది. బిళ్ళ తనంతట తానే వచ్చి ఆమె కర్రకి తగిలింది. గోలు పడలేదు లెండి, పక్కనుంచి పోయింది. ఆ రాత్రి మానేస్తానన్న మాట మాత్రం ఇంటికి రాలేదు.

మరి ఈ చూపు నేర్చుకోవడానికి ఆడవాళ్ళకి మంచు ఎంతసేపు దక్కింది? చరిత్ర అంతా తిరిగి తిరిగి ఈ లెక్క దగ్గరికే వస్తుంది. 1930ల్లో ఆంటారియోలో ప్రెస్టన్ రివులెట్స్ అనే అమ్మాయిల జట్టు ఉండేది. వేసవిలో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలే చలికాలంలో దీనికి దిగారు. పదేళ్ళలో మూడువందల యాభై ఆటలాడి రెండే ఓడారని చెప్పుకుంటారు. ఈ అంకెల్ని చరిత్రకారులు పూర్తిగా నమ్మరు గానీ ఎదురులేని జట్టన్నది మాత్రం నిజం. యుద్ధం వచ్చింది, పెట్రోలుకి కరువొచ్చింది, జట్టు చెదిరిపోయింది. ఆ తరవాత ఆడపిల్లలకి జట్లే లేని కాలం.

1955లో టొరాంటోలో ఎనిమిదేళ్ళ ఏబీ హాఫ్‌మన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, 'ఏబ్' అనే పేరుతో మగపిల్లల లీగులో చేరిపోయింది. సీజనంతా ఆడింది. ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి మేటి ఆటగాళ్ళ జట్టుకి ఎంపికైంది. అప్పుడు పుట్టినతేదీ కాగితాలు చూశారు! బాగా ఆడటం వల్ల పట్టుబడ్డ పిల్ల. తరవాత పరుగుపందేల్లో నాలుగు ఒలింపిక్స్‌కి వెళ్ళి, 1976లో మాంట్రియల్‌లో తన దేశపు జెండా పట్టుకు నడిచింది. 1982లో కెనడా ఆడవాళ్ళకి జాతీయ పోటీలు మొదటిసారి జరిగినప్పుడు కప్పుకి ఆమె పేరే పెట్టారు. ఆ పోటీలు జరిగిన ఊరు బ్రాంట్‌ఫర్డ్, గ్రెట్స్‌కీ పుట్టిన ఊరే.

ప్రపంచ పోటీలు 1990లో వచ్చాయి. అదీ ఆటావాలోనే, ఇసబెల్ ఫోటోకి సుమారు వందేళ్ళ తరవాత. కెనడా అమ్మాయిలకి గులాబీ రంగు చొక్కాలు తొడిగారు, అమ్మాయిలు కదా అని! గులాబీ రంగులోనే ఫైనల్లో అమెరికాని 5-2తో ఓడించారు. ఆ పోటీల తరవాత అంతర్జాతీయ ఆడవాళ్ళ ఆటలో శరీరంతో గుద్ది పడగొట్టడం నిషేధించారు. అది అవమానమని కొందరూ, మేలని కొందరూ వాదించుకున్నారు. నా మట్టుకు నాకు దానివల్ల ఒక లాభం కనబడుతుంది. పడగొట్టే వీలు లేనప్పుడు ముందుగా వెళ్ళి దారి కాయడం తప్పదు. బుర్రకి పని పెరిగింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్ళ హాకీ వచ్చింది. అమెరికా 3-1తో కెనడాని ఓడించి మొదటి బంగారు పతకం పట్టుకుపోయింది.

ఇదంతా మంచుదేశాల సంగతి అనుకునేరు. మన లదాఖ్‌లో అమ్మాయిలు చెరువులు గడ్డకట్టిన రెండు నెలలే ఆడేవాళ్ళు. ఆ రెండు నెలల్లోనూ మగవాళ్ళ జట్ల వంతు అయ్యాకే వాళ్ళ వంతు. కర్రలూ, కవచాలూ అరువు. మగవాళ్ళ కొలతలవి కావడంతో వదులుగా వేలాడేవి. 2011లో డెహ్రాడూన్‌లో కట్టిన పెద్ద రింకు ఏళ్ళ తరబడి మూతపడే ఉండేది. ఆ సాధనతోనే భారత మహిళల జట్టు 2016లో తైపేలో ఆసియా పోటీలకి వెళ్ళి, గెలుపన్నది లేకుండా తిరిగొచ్చింది. జట్టు ఖర్చుకి జనం దగ్గర చందాలు పోగుచేశారు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3తో గెలిచారు. అంతర్జాతీయ పోటీల్లో మన ఆడవాళ్ళ మొదటి గెలుపు అది. 2018 జనవరిలో కెనడా తరఫున నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన హేలీ వికెన్‌హైజర్ లేహ్ దాకా వచ్చి, కవచాలూ కర్రలూ పంచి, ఆ పిల్లలతో కలిసి చెరువు మీద ఆడింది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్పులో మన జట్టు కంచు పతకం తెచ్చుకుంది. ఆ జట్టులో ఎక్కువమంది ఆ లదాఖ్ పిల్లలే.